వాడకట్టు ముచ్చట్లు – 19: రాయి మోసినోళ్ల అడుగు



వర్గీకరణ మీద మొదలుపెట్టిన ముచ్చట ఇంకా పూర్తి కాలేదు. దాని తరువాయి వచ్చే వారం రాస్తాను. ఈ వారం బడిపిల్లల డ్యాన్స్ ఒకటి గురించి రాయాలి. "ఉద్యమం పక్కన పెట్టి డ్యాన్స్ గురించా అక్కా" అని నవ్వకండి. చివరిదాకా చదవండి, ఇదీ ఆ ముచ్చటలో భాగమే.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక బడి. పేరు రాయను. అక్కడ చదివేది మన పిల్లలే, వాళ్లకు ఇబ్బంది కావద్దు. వార్షికోత్సవానికి 8, 9 తరగతుల ఆడపిల్లలతో ఒక నృత్యరూపకం చేయాలనుకున్నారు. అంశం: మన నేల, మన రాతి కట్టడాలు. చుట్టుపక్కల గుట్టలు, పెద్దచెరువు కట్ట, రాచకొండ కోట, ఇవన్నీ డ్యాన్స్‌లోకి రావాలి. స్థానిక చరిత్ర చెప్పడానికి నన్ను పిలిచారు. నాలుగు శనివారాలు పోయాను.

డ్యాన్స్ నేర్పే టీచరమ్మ పేరిణి నేర్చుకున్న మనిషి. మొదటి రోజు పిల్లలకు రామప్ప గుడి ఫోటోలు చూపించింది. నల్లరాతిలో చెక్కిన మదనికలు, స్తంభాల మీద మద్దెల కొట్టేవాళ్లు, వరుసగా అడుగు వేస్తున్న నర్తకులు. "రాతిలో నాట్యం దాచిపెట్టిండ్రు, మనం దాన్ని బయటికి తీయాలి" అన్నది. మంచి మాట. అది ఉత్త అలంకారం కూడా కాదు, తెలంగాణలో నిజంగా జరిగిన పని.

తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం చెప్తున్నా. రామప్ప గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. అదే గణపతిదేవుని దగ్గర గజసైన్యం చూసిన జాయప సేనాని 13వ శతాబ్దం నడుమ 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథం సంస్కృతంలో రాశాడు. కాకతీయ రాజ్యం పోయాక పేరిణి ఆట కూడా మరుగున పడింది. గత శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను పక్కపక్కన పెట్టుకొని పేరిణి శివతాండవాన్ని మళ్లీ నిలబెట్టాడు. 1923లో పుట్టి 2011లో పోయిన ఆ మనిషి జీవితంలో ఎక్కువ భాగం మరుగునపడ్డ ఆటలను వెతకడంలోనే గడిచింది. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. నేనూ పడ్డాను.

అయితే ఫోటోలు చూస్తున్నప్పుడు రెండో వరుసలో కూర్చున్న ఒక పిల్ల లేచి అడిగింది: "టీచర్, గింత పెద్ద రాయి గుడిదాకా ఎట్లొచ్చింది?"

ఆ పిల్ల నాయిన క్రషర్‌లో పని చేస్తాడు. రాయి తనంతట తాను కదలదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

టీచరమ్మ నా దిక్కు చూసింది. చరిత్ర నా వంతు కదా. నేను చెప్పింది ఇదీ. రామప్ప అంటే శిల్పి పేరు అని జనం చెప్పుకుంటారు. దేవుని పేరుతో కాకుండా శిల్పి పేరుతో పిలిచే గుడి అని మురిసిపోతాం. శాసనంలో కట్టించిన సేనాని పేరు ఉంది. జనం నోట్లో చెక్కిన శిల్పి పేరు ఉంది. రాయిని బండ నుంచి వేరు చేసినోళ్ల పేరు, దాన్ని లాగినోళ్ల పేరు, పునాది తవ్వినోళ్ల పేరు, వాళ్లకు అంబలి కాసినోళ్ల పేరు ఎక్కడా లేదు. చెక్కిన బొమ్మల నుంచి డ్యాన్స్ తీసుకోవచ్చు. మరి మోసిన ఒళ్ల నుంచి ఎందుకు తీసుకోవద్దు?

ప్రాజెక్టు అక్కడ దారి మళ్లింది. టీచరమ్మ ఆ మాటను పక్కకు నెట్టలేదు, ఆమెకు నా సలాం. "సరే, ఇంటికి పోయి అడిగి రండి. మీ ఇంట్లో రాయి పని, మట్టి పని చేసినోళ్లు ఎవరు? ఆ పని చేసేటప్పుడు ఒళ్లు ఎట్ల కదులుతది? చూసి రండి" అన్నది.

వచ్చే శనివారానికి పిల్లలు తెచ్చిన సంగతులు విని మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

వడ్డెర ఇంటి పిల్ల ఒకతె బండ పగలగొట్టే తీరు చేసి చూపించింది. ముందు చేత్తో రాయిని తడమాలి. రాయికి కూడా వాటం ఉంటది, ఏ దిక్కు చీలుతదో పెద్దలకు చేతికి తెలుస్తది. వరుసగా చిన్న గుంటలు కొట్టాలి. గుంటల్లో ఇనుప సీలలు దించాలి. ఇక సమ్మెట. ఒక్క సీలనే బలంగా కొడితే రాయి పాడైతది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కటి, ఒక్కొక్కటి, మళ్లీ మొదటి నుంచి. "మా తాత చెవి పెట్టి ఇంటడు. సప్పుడు మారంగనే ఆపుతడు. ఇగ రాయి పలిగినట్టే" అన్నది. తాళం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పిన గురువును నేను చూడలేదు.

ఇంకొక పిల్ల తల్లి ఉపాధి హామీలో చెరువు పూడిక తీసింది. గంప అందించుకునే వరుసను ఆమె చేసి చూపించింది. కుడి చేతికి వచ్చిన గంప నడుము తిరగంగనే ఎడమకు పోతది. ఖాళీ గంప ఇంకో వరుసలో వెనక్కి వస్తది. ఒక్కరు తప్పినా వరుస మొత్తం ఆగుతది. పదహారు మంది పిల్లలు ఆ వరుస కట్టి చేస్తే చూడాలి. కట్ట లేస్తున్నట్టే ఉంది.

టీచరమ్మ ఒక సంగతి పట్టుకుంది. బరువు ఎత్తేటప్పుడు మన ఆడోళ్లు నడుము వంచరు, మోకాళ్లు పక్కలకు వంచి వీపు నిటారుగా పెట్టి లేస్తారు. శాస్త్రీయ నృత్యంలో అరమండి కూడా అట్లనే. "నేను ఏండ్లకేండ్లు కష్టపడి నేర్చుకున్నది వీళ్లకు ఇంట్లనే ఉంది" అన్నది. ఏది దేని నుంచి వచ్చిందని నేను వాదించను. బరువు ఎత్తే మోకాలు, నాట్యం చేసే మోకాలు ఒక్క తీరుగ వంగుతాయన్నది మాత్రం కండ్లముందు కనబడింది.

ఇక చెరువు ముచ్చట. గోల్కొండను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. మా పెద్దచెరువు ఆయన కాలంది. ఊరి పేరు కూడా ఆయనదే. రాజు పేరు నిలిచింది. కట్ట కింద తూము తీసి, మూసి, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే నీరటికాడు మన ఊళ్లలో చాలాచోట్ల దళితుడే. నీళ్లు పంచేది అతనే, ఊరి బావిలో చేద వేయొద్దన్నదీ అతన్నే. పిల్లలు దీన్ని కూడా డ్యాన్స్‌లోకి తెచ్చారు. ఒక పిల్ల తూము ఎత్తుతది, అందరూ నీళ్లై పారుతారు, చివరికి ఆ పిల్ల దోసిలి పడితే నీళ్లు పక్కకు తిరిగి పోతాయి. మాట లేదు, పాట లేదు. ప్రాక్టీసు చూస్తున్న వంటమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది.

రాచకొండ కోట మాకు దూరం కాదు. మంచాల దాటి ఆరుట్ల దిక్కు పోతే ఆ గుట్టల వరుస కనబడతది. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. సున్నం లేకుండా పెద్దపెద్ద రాళ్లను ఒకదాని మీద ఒకటి కూర్చిన గోడలు నేటికీ ఉన్నాయి. ఆ వంశపు రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం' అనే నాటకశాస్త్ర గ్రంథం రాశాడు. అంటే మన పక్క గుట్ట మీద రసం గురించి, భావం గురించి చర్చ నడిచింది. అదే గుట్ట మీద గోడలు లేపినోళ్లకు ఆ చర్చలో చోటు లేదు. భరతుని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం చూడండి. వేదాలు శూద్రులు వినకూడదు కాబట్టి అన్ని వర్ణాల కోసం నాట్యాన్ని ఐదో వేదంగా బ్రహ్మ చేశాడని కథ. పంచమ వేదం! ఆ నాలుగు వర్ణాల బయట పెట్టిన మనల్ని కూడా పంచములే అన్నారు. ఐదో వేదం గుడిలోకి పోయింది, ఐదో మనిషి గుడి బయట నిలబడ్డాడు.

ఇంతవరకు అంతా బాగానే నడిచింది. డప్పు దగ్గర ఆగింది.

బండ పగలగొట్టే భాగానికి, చివరి భాగానికి డప్పు కావాలని పిల్లలే అడిగారు. ఒక పిల్ల నాయిన డప్పు కొడతాడు. చిర్ర, సిటికెన పుల్ల పట్టుకొని దరువు మారిస్తే పిల్లల కాళ్లు వాటంతట అవే కదిలాయి. విషయం పెద్దల దాకా పోయింది. స్టాఫ్ మీటింగ్‌లో ఒక మాట వచ్చింది: "డప్పు చావుకు కొట్టేది. వార్షికోత్సవానికి పెద్ద ఆఫీసర్లు వస్తారు. మంచి మృదంగం ట్రాక్ పెడదాం."

నేను కోపంగా మాట్లాడలేదు. రెండు సంగతులు చెప్పాను.

ఒకటి, మృదంగం మీద ఉన్నది కూడా తోలే. ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు. ఆ తోలు పనిచేసి మృదంగం తయారుచేసే కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం 2020లో తెచ్చాడు. వాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు. ఆ పుస్తకం ఆవిష్కరణకు ముందు ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. తోలు పని చేసిన చెయ్యి కనబడనంతవరకు ఆ వాద్యం పవిత్రం. చెయ్యి కనబడితే హాలు దొరకదు.

రెండు, డప్పు చావుకే కాదు. పుట్టుకకు, పెండ్లికి, బోనానికి, జాతరకు, ఊరికి సమాచారం చెప్పడానికి అన్నిటికీ డప్పే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు, చావుకు వెట్టిగా కొట్టించిన అదే డప్పును మాదిగలు హక్కుల కోసం కొట్టారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు లేని రోజు ఉందా? రాష్ట్రం తెచ్చుకోవడానికి పనికొచ్చిన డప్పు బడి స్టేజీకి పనికిరాదా?

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక మాట. "మన డప్పు గొప్పది, పేరిణి వాళ్లది, మనకొద్దు" అనే వాదన కూడా నేను ఒప్పుకోను. పిల్లలు పేరిణి అడుగులు కూడా ప్రేమతో నేర్చుకున్నారు. ఆ శిల్పాల రాయి మోసింది మన ముత్తాతలైనప్పుడు ఆ శిల్పాల ఆట మీద మనకు హక్కు లేదని ఎవరంటారు? మన పిల్ల పేరిణి ఆడాలి, డప్పూ కొట్టాలి. ఒకటి పుచ్చుకోవాలంటే ఇంకొకటి దాచుకోవాలనే షరతు మాత్రం ఉండొద్దు.

డప్పు గొడవ నడుస్తుండగానే ఇంకొక అడ్డం వచ్చింది. మొదటి రోజు ప్రశ్న అడిగిన ఆ పిల్లే, అందరికంటే బాగా ఆడే పిల్ల, రావడం మానేసింది. ఇంటికి పోయాను. నాయినమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"ఆడపిల్ల పదిమంది ముందట ఎగురుడేంది బిడ్డా? మా ఇంట్ల ఎగిరింది సాలు."

పాలమూరు దిక్కు నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన ముసలామె. ఆమె చిన్నమ్మను చిన్నప్పుడే జోగినిని చేశారు. జాతరలో ఎగిరించారు, దొర ఇంట్లో చావైతే శవం ముందు ఎగిరించారు. ఊరందరికీ ఆమె మీద హక్కు ఉండె, ఆమెకు మాత్రం ఎవరూ లేకుండె. ఈ నాయినమ్మ దృష్టిలో డ్యాన్స్ అంటే అదే. శవం ముందు ఎగిరిన మనిషిని కండ్లతో చూసినామెకు కళ గురించి నేనేం ఉపన్యాసం ఇస్తాను?

విద్యార్థులకు ఈ చరిత్ర తెలియాలి. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి మన జనంలో చైతన్యం తెచ్చాడు. మన ఆడపిల్లలను దేవుని పేరు మీద ఊరికి అప్పజెప్పే ఈ దురాచారానికి ఎదురు నిలిచాడు. మన పిల్లల కోసం బడులు పెట్టాడు. 1917లో బెజవాడ సభలో, పంచములం కాదు, ఈ నేల ఆదివాసులం అని పేరు మార్చిన నాయకుడు ఆయనే. కళను వాడుకున్నాడు, కళ పేరుతో జరిగే దోపిడీని కొట్లాడాడు. ఈ రెండు పనులకూ ఆయన నడుమ గోడ కట్టలేదు. ఉమ్మడి రాష్ట్రంలో జోగిని వ్యవస్థను నిషేధిస్తూ చట్టం 1988లో గానీ రాలేదు. చట్టం వచ్చిందని నాయినమ్మ భయం పోతదా?

నేను ఆమెను ఒప్పించడానికి ప్రయత్నం చేయలేదు. "అవ్వా, ఒక్కసారి ప్రాక్టీసు చూడు. నీకు నచ్చకపోతే పిల్లను నువ్వే తోలుకపో" అన్నాను. శనివారం వచ్చింది. చెట్టు కింద కూర్చుంది. పిల్లలు గంపల వరుస కట్టారు. కాసేపు చూసి లేచి, "గట్ల కాదే, గంప కింద చెయ్యి పెట్టాలె, అంచుకు కాదు. అంచుకు పడితే యేలు తెగుతయి" అని మనవరాలి చెయ్యి పట్టుకొని సరిచేసింది. పిల్లను తోలుకపోలేదు. రోజూ ఏం చేసే ఆటో ఆమెకు తెలిసింది. ఈ ఆటలో ఆ పిల్ల ఎవరి ముందూ ఎగరడం లేదు, తన ఇంటి పనిని పదిమందికి చెప్తున్నది.

ప్రపంచంలో మనం ఒక్కళ్లమే కాదు. దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్ చుట్టూ బంగారు గనులు ఉన్నాయి. నల్లజాతి కూలీలు బురదనీళ్లలో రబ్బరు బూట్లు వేసుకొని రాయి తవ్వేవాళ్లు. ఆ బూట్ల మీద చేత్తో చరుస్తూ, కాలితో తొక్కుతూ ఒక ఆట పుట్టించారు. గమ్‌బూట్ డ్యాన్స్ అంటారు. దొరలు పనికి ఇచ్చిన బూటునే వాద్యం చేసుకున్నారు. నేడు ప్రపంచమంతా వేదికల మీద ఆడుతున్నారు. వాళ్ల బడుల్లో పిల్లలకు ఇది మా గని తాతల ఆట అని చెప్పుకోవడానికి సిగ్గు లేదు. మన పిల్లలకు మాత్రం సమ్మెట ఎందుకు సిగ్గు కావాలి?

'నేల' అనే మాట మీద కూడా ఒక సంగతి. బోర్డు మీద ప్రకృతి దృశ్యం అని రాసి ఉండె. పట్నం నుంచి సాగర్ రోడ్డు మీద కారులో వచ్చేవాళ్లకు మా గుట్టలు దృశ్యమే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, సీతాఫలం చెట్లు. మా పిల్లలకు గుట్ట అంటే నాయిన కూలి. ఆ గుట్టే కంకరై పట్నం రోడ్ల కిందికి, మేడల కిందికి పోతున్నది. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ పని చేయించాలి, మాస్కులు ఇవ్వాలి, పరీక్షలు చేయించాలి. ఇవన్నీ యజమాని పని. ఇంకొక పిల్లకు నేల అంటే సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో ఫార్మా సిటీ పేరు మీద భూసేకరణ జరిగినప్పుడు రైతులు ఏండ్లకేండ్లు కొట్లాడారు. నేల మీద డ్యాన్స్ చేసే పిల్లకు ఆ నేల ఎవరి పేరు మీద ఉందో కూడా తెలియాలి. డ్యాన్స్‌లో పిల్లలు గుట్టగా నిలబడి, ఒక్కొక్కరే తప్పుకుంటూ పోయే భాగం ఉంది. చివరికి ఒక్క పిల్ల మిగులుతది, దగ్గుతూ. అది ఎవరూ నేర్పలేదు, వాళ్లే పెట్టుకున్నారు.

డప్పు సంగతి ఏమైందంటారా? సగం గెలిచాం. చివరి మూడు నిమిషాలకు డప్పు ఒప్పుకున్నారు. కానీ డప్పు కొట్టేవాళ్లు స్టేజీ మీదికి రావొద్దు, కింద పక్కన నిలబడాలన్నారు. ఇద్దరు అన్నలు కిందనే నిలబడి మంట కాగిన డప్పు అందుకున్నారు. దరువు మొదలు కాగానే పదహారు మంది పిల్లలు పేరిణి అడుగు వేసుకుంటూ మెట్లు దిగి కిందికి వచ్చి, డప్పు చుట్టూ తిరిగి ఆడారు. స్టేజీ ఖాళీగా ఉంది. పెద్దలు కుర్చీలు తిప్పుకొని చూశారు.

మిగిలిన సగం చెప్తా. కరపత్రంలో డప్పు కొట్టిన అన్నల పేర్లు లేవు. శాలువాలు వాళ్లదాకా రాలేదు. టీచరమ్మ తన శాలువా తెచ్చి ఒక అన్న భుజం మీద వేసింది. అది ఆమె మంచితనం. మనకు కావాల్సింది మంచితనం కాదు, కరపత్రంలో పేరు. వచ్చే ఏడు నుంచి ప్రతి కళాకారుని పేరు అచ్చు వేయాలని, డప్పు నేర్పేందుకు వచ్చేవాళ్లకు డ్యాన్స్ టీచర్‌కు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలని తల్లిదండ్రుల సంతకాలతో ఉత్తరం ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ పోతాం.

చదువుతున్న విద్యార్థులకు ఒక పని. మీ ఊర్లో రాతి కట్టడం ఏదో ఒకటి ఉంటది. గుడి, మసీదు, బురుజు, కట్ట, బావి, ఏదైనా. కట్టించినోళ్ల పేరు శాసనంలో చూడండి. మోసినోళ్ల పేరు మీ వాడకట్టులో అడగండి. పేరు దొరకకపోతే పని దొరుకుతది. ఆ పని చేసేటప్పుడు చెయ్యి ఎట్ల లేస్తదో, కాలు ఎక్కడ పడతదో నేర్చుకోండి. అది మన గ్రంథం. ఎవరూ రాయలేదు కాబట్టి, మోస్తున్న ముసలోళ్లు పోతే అదీ పోతది.

కామెంట్లలో మీ ఊరి కట్టడం పేరు, అక్కడ పని చేసిన మీ ఇంటోళ్ల ముచ్చట రాయండి. వచ్చే వారం వర్గీకరణ ముచ్చట రెండో భాగంతో కలుద్దాం.

జై భీమ్.